గోడ మీద నీలి ముక్కోణం

ఈ ఉదయం తాయిఫ్‌లోని మా వర్క్‌షాప్ గోడకు తెల్లరంగు పెచ్చులూడి, కింద అరచేయంత నీలం కనబడింది. ఆ నీలం వేసిన పెయింటర్ని నేనే, నాలుగేళ్ల కింద.

అప్పటి మా ఫోర్‌మన్ యెమెన్ దక్షిణాన ఏడెన్ నుంచి వచ్చిన పెద్దాయన. వాళ్ల ఊరు ఒకప్పుడు తెల్లదొరల ఏలుబడిలో బొంబాయి కింద ఉండేదట; అందుకే తాతల నాటి నుంచి తమ ఇంట్లో హిందీ ఉందని గొప్పగా చెప్పేవాడు. దొరలు ఓడలెక్కి పోతుంటే చిన్నపిల్లాడిగా చూశాడట. తర్వాత వాళ్లదంటూ ఓ దేశం, దానికో జెండా వచ్చాయి. పాతికేళ్లు నిండకముందే ఉత్తర యెమెన్‌తో కలిపేశారు. ఆపైన యుద్ధాలే. "తుపాకులు పట్టకుండా మీ తెలంగాణ ఎట్లా విడిపోయింది?" అని నన్ను అడిగేవాడు. నేనేమో పెద్ద నాయకుడిలా గొంతు సవరించుకునేవాణ్ణి. నిజానికి ఉద్యమంలో నేను చేసిందల్లా ఊరి గోడల మీద రాతలు రాయడమే.

ఆ తెలివితోనే కొంప ముంచాను. పెద్దాయన ఇఖామాను, అంటే ఈ అరబ్బు దేశంలో ఉండే అనుమతిని, మరో ఏడాది పొడిగించడానికి మా యజమాని కఫీల్ వస్తానన్న రోజు, ఆయన్ను సంబరపెడదామని నిచ్చెనెక్కి, ఆయన ఫోన్లో చూసిన వాళ్ల దేశపు పాత జెండాను గోడ మీద గీశాను. మూడు పట్టీలు, పక్కన నీలి ముక్కోణం, అందులో ఐదు కోణాల ఎర్ర చుక్క. మా ఊళ్లో గోడకెక్కడమంటే గౌరవం మరి!

నా రూమ్మేట్ జగిత్యాలాయన చూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఓరి నీ పాడుగాను, గిదేం పనిరా? ఈడ రాజకీయం కనవడ్తె పాస్‌పోర్ట్ మీద ఎగ్జిట్ గొట్టి ఇంటికి తోల్తనని కఫీల్ జెప్పలే? ముసలాయన యుద్ధంలకు వోవాల్నా?"

వీధి చివర కఫీల్ కారు హారన్ మోగింది.

పెద్దాయన నన్ను పక్కకు జరిపాడు. తెల్లరంగులో బ్రష్ ముంచి తన జెండాను తనే చెరపసాగాడు. మోకాళ్ల నొప్పితో నిచ్చెనెక్కలేడు. చుక్క దాకా చెయ్యి అందలేదు. ఆ యుద్ధాల పంతంతో రెండేళ్లుగా ఆయనతో మాటల్లేని వెల్డర్, యెమెన్ ఉత్తరాన సనా నగరం వాడు, లేచొచ్చి బ్రష్ అందుకుని నిచ్చెనెక్కాడు. చుక్క దగ్గర ఆగి పెద్దాయన వైపు చూశాడు. ఆయన కళ్లు మూసుకుని తలూపాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

కఫీల్ తడిగోడను చూసి ఇదేమిటన్నాడు. "నీటి మరక," అన్నాడు వెల్డర్. నమ్మాడో లేదో గానీ, ఇఖామా పొడిగించాడు.

పెద్దాయన పోయినేడు సెలవు మీద ఏడెన్ వెళ్లి అక్కడే కన్నుమూశాడు. ఇప్పుడు వెల్డరే మా ఫోర్‌మన్. ఇవాళ ఆ నీలం చూసి తెల్లరంగు డబ్బా తెచ్చాడు. మూత తీశాడు, కాసేపు నిలబడ్డాడు, మళ్లీ పెట్టేశాడు.

"రేపు వేద్దాంలే," అన్నాడు.

దొరలు పోవడం, ఒక దేశం పుట్టడం, అది మాసిపోవడం అన్నీ పెద్దాయన ఒక్కడి ఆయుష్షులోనే జరిగిపోయాయి. అంత తొందరపడ్డ కాలం, ఈ అరచేయంత నీలం కోసం ఒక్క రోజు ఆగితే ఏం పోతుంది!