ఎంతమంది ఉంటారు?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు, పరాయి దేశంలో చదువుకుంటూ అద్దెకు ఇల్లు అడిగి చూడు అనడం మరిచిపోయారు. అందులోనూ మాంట్రియల్‌లో. ఇక్కడ ఊరు ఊరంతా జూలై ఒకటినే ఇళ్లు మారుతుంది. ఆ సాయంత్రానికి తాళంచెవి చేతిలో పడనివాళ్లు మంచాలతో, గిన్నెలతో సహా రోడ్డు పక్కనే. కుంబా ఆ ముందురోజు కూడా ఇల్లు వెతుకుతూనే ఉంది.

సెనెగల్ నుంచి ఫార్మసీ చదవడానికి వచ్చిన పిల్ల. ధైర్యం ఎక్కువ, నోరు ఇంకా ఎక్కువ. ఒక్కతే అయితే ఏ స్నేహితురాలి సోఫా మీదో ముడుచుకుని పడుకునేది. కానీ అక్క జేనబా తనతోనే ఉంటోంది, పైగా నిండు నెలలు. బావ వీసా కోసం డకార్‌లో పడిగాపులు కాస్తున్నాడు. ఉన్న ఇంటి యజమానేమో కొడుకు కాపురానికి వస్తున్నాడు, ఖాళీ చేయండన్నాడు.

ఒకచోట హామీ సంతకం పెట్టే మనిషేడీ అన్నారు. ఇంకోచోట ఈ దేశంలో ఎప్పుడూ అప్పు చేయలేదు, మిమ్మల్ని ఎలా నమ్మడం అన్నారు. అప్పు చేయకపోవడం తప్పయిన చోటు ఇదే కాబోలు. ఇవన్నీ దాటినా, చివరికి ఒక్క ప్రశ్న దగ్గర పని చెడేది. ఎంతమంది ఉంటారు?

వాళ్ల ఊళ్లో మనుషుల్ని లెక్కపెట్టరు. పిల్లలెందరంటే దేవుడిచ్చినంతమంది అని తప్పుకుంటారు. లెక్కపెడితే ఆ లెక్క తగ్గుతుందని భయం. కుంబాకు పెద్దగా నమ్మకం లేదు. నమ్మేది జేనబా. తొలి కాన్పుకు ఆస్పత్రికి బయల్దేరినప్పుడు మేనత్త టాక్సీవాడితో "ముగ్గురం వెళ్తున్నాం నాయనా, నలుగురమై తిరిగొస్తాం" అంది. తిరిగొచ్చింది ముగ్గురే.

అందుకే ఫోన్లో ఎవరడిగినా కుంబా "ఒకే పళ్లెంలో తినేంతమంది" అని నవ్వేసేది. అవతలివాళ్లకు నవ్వొచ్చేది కాదు. గంపెడు జనాన్ని దింపుతుందేమోనని ఫోన్ పెట్టేసేవాళ్లు.

ఇక మిగిలింది అసుంతా గారి ఇల్లు. ఆవిడ ఇటలీ నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ ముసలావిడ. కింద తనుంటుంది, పైవాటా అద్దెకిస్తుంది. పెరట్లో టమాటా మొక్కలకు కర్రలు కట్టడం ఆపి, విసుక్కుంటూనే అక్కాచెల్లెళ్లకు గదులు చూపించింది. బయట ఇనుప మెట్ల మీద ఇంకో జంట కుక్కతో సహా కాచుకుని ఉంది.

"వంటగది బాగా కడుక్కోవాలి. రాత్రిళ్లు పాటలు వద్దు. సరే, ఎంతమంది ఉంటారు?"

"నేనూ, మా అక్కా, మేడమ్."

"మరి ఆ గౌను కింద ఉన్నదేంటి, గుమ్మడికాయా? పోయినసారి నేనూ, మా తమ్ముడూ అని వచ్చినవాడు ఏడుగుర్ని దింపాడు. నాకు కథలొద్దు అమ్మాయ్, అంకె చెప్పు."

రెండంటే, పుట్టబోయే బిడ్డ లేనట్టే. మూడంటే, మళ్లీ ఆ టాక్సీ లెక్కే. జేనబా వేళ్లు కుంబా మణికట్టును గట్టిగా పట్టుకున్నాయి.

మెట్ల మీంచి ఆ జంటలోని కుర్రాడు కేకేశాడు. "మేడమ్, వాళ్లు వద్దంటే మేం సిద్ధం! ఉండేది ఇద్దరమే, కుక్కతో ముగ్గురం!"

"విన్నావా? ఎంత తేలిగ్గా చెప్పాడో!" అంది అసుంతా.

కుంబాకు అక్క మీద ఒళ్లు మండిపోయింది. చనిపోయిన బిడ్డ మీద కూడా కోపం వచ్చింది. వచ్చినందుకు వెంటనే సిగ్గేసింది. తమ భాషలోకి దిగి, "చెప్పేస్తానక్కా. రేపు రోడ్డు మీద కంటావా ఏంటి?" అంది.

జేనబా మణికట్టు మీది పట్టు వదిలేసింది.

"చెప్పు చెల్లీ. బిడ్డకు ఇల్లుండాలి కదా."

గోడ వైపు తిరిగి, రెండు చేతులూ పొట్ట చుట్టూ వేసుకుని, పెదవులతోనే ఏదో ప్రార్థన మొదలుపెట్టింది. కుంబా నోరు తెరిచింది. పెద్ద పెద్ద మందుల పేర్లు గడగడా అప్పజెప్పే పిల్లకు ఆ చిన్న అంకె నాలుక దాటలేదు.

"ఆగు," అంది అసుంతా.

ఆవిడ చూస్తున్నది కుంబాను కాదు, జేనబా చేతుల్ని. ఆవిడ వేళ్లు మెడలోని ఎర్ర పగడపు కొమ్మును తడుముకున్నాయి. ఇటలీలో ముసలమ్మలు దిష్టి తగలకుండా వేసుకునేదది.

"నా కాన్పుకు మా అమ్మ ముందుగా ఉయ్యాల కొననివ్వలేదు. బిడ్డ ఏడుపు విన్నాకే మా ఆయన బజారుకు పరిగెత్తాడు." కొమ్మును వదిలేసి, మళ్లీ విసుగ్గా అడిగింది. "సరేలే, తాళంచెవులు ఎన్ని కావాలి?"

కుంబాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తాళంచెవులు మనుషులు కావు. ఎన్నయినా లెక్కపెట్టుకోవచ్చు.

"రెండు," అంది. అనగానే ఏడుపొచ్చింది.

అసుంతా మెట్ల వైపు తిరిగి, ఇల్లు ఇచ్చేశాను వెళ్లండి బాబూ అని కేకేసింది. తర్వాత జేనబా పక్కకు వచ్చి నిలబడి, గొంతు తగ్గించింది.

"రెండు సరిపోతాయా తల్లీ?"

జేనబా గోడ దగ్గర్నుంచి ఇటు తిరిగింది.

"చాలమ్మా. రాబోయేవాళ్లకి తలుపు మేం తీస్తాం."