గడప లేని చోట భోజనం

మా పక్కింటి గార్డుగారు పోయారన్న కబురు అందేసరికి నేను కిష్టారంలో, ఒక ఇంటి ప్రార్థనలో, తీర్పు దినం గురించి గొంతు చించుకుంటున్నాను. ఫోన్ చేసింది నా భార్య. "పొద్దున చాయ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మంచం మీద ఒరిగిండంట. మల్ల లేవలే. నువ్వు జల్దీ రా" అంది. ప్రసంగం మధ్యలో ఆపేసి బయల్దేరాను. మరునాడు మేముండే ఇనుపగనుల ఊరు కిరండూల్‌లోనే సమాధి చేశాం. వాక్యం నేనే చెప్పాను. తక్కువ చెప్పాను. పొడుగు ప్రసంగాలు ఆయనకు గిట్టవు.

ఆయనది భీమిలి. ఇనుపరాయి మోసే గూడ్సుబండి చివరి పెట్టెలో కూర్చుని ఉద్యోగమంతా గడిపారు. రిటైరయ్యాక కూడా కిరండూల్ వదల్లేదు. "డ్రైవరు ఏటొస్తందో చూస్తాడు. గార్డు ఏటెల్లిపోయిందో చూస్తాడు. రెండూ డ్యూటీయే" అనేవారు.

నేను మరైగూడ వైపు వాణ్ణి. నన్ను ఎవరూ చదివించలేదు. గ్రంథాన్ని కూడబలుక్కుని చదివి, చదివింది బల్ల గుద్ది చెప్పడం నేర్చుకున్నాను. ఆయన భార్య చనిపోయిన ఏడు, చలికాలంలో, సముద్రానికి తోడు రమ్మని నన్నూ నా భార్యనూ పిలిచారు.

"ఏంది గార్డుగారూ, లోకం నాశనానికి పోతుంటే మనం పోయి ఇసుకలో కూసుంటమా?" అన్నాను.

"దేవుడే ఏడో రోజు కూకున్నాడు గదేటయ్యా. నువ్వాయన కంటే పనిమంతుడివేటి?"

సంచి సర్దుకున్నాను. వెళ్లాం. ఆ తర్వాత ఏటా వెళ్లాం.

భీమిలి అప్పట్లోనూ ఇప్పుడూ నెమ్మది ఊరే. సముద్రానికి ఎదురుగా చిన్న లాడ్జి. పొద్దున ఆయన ఒడ్డు వెంట ఒకసారి నడిచేవారు. ఎంత ఉతికినా ఆయన తువ్వాలు అంచున కిరండూల్ ధూళి ఎర్రదనం పోయేది కాదు. భోజనం దగ్గర మాత్రం ఆయన వేరే మనిషి. ఏ హోటలైనా సరే, గుమ్మంలో నిలబడి "ఈయాల ఏ సేపలొచ్చాయి?" అని అడిగేవారు. "అన్నీ ఉన్నాయండి" అంటే వెనక్కి తిరిగేవారు. "అన్నీ ఉన్నాయన్నోడి కాడ నిన్నటివే ఉంటాయి." అలా వెతికి వెతికి ఒకచోట వంజరం ముక్కల వేపుడు, ఒకచోట పీతల ఇగురు, ఒక ముసలమ్మ నడిపే మెస్సులో రొయ్యల పులుసు మాకు తినిపించారు. ముల్లే మిగిలేలా తినాలి, మనసులో మాట మిగలకుండా తినాలి అనేవారు.

ఒక్క హోటల్ దగ్గర మాత్రం రోడ్డు దాటి అవతలి వైపు నుంచి నడిచేవారు. బల్లలు నాలుగే. చింతకాయ వేసిన నెత్తళ్ల పులుసు వాసన రోడ్డుకు అడ్డంగా వచ్చేది. అది ఆయన తమ్ముడిది.

ఆ సంగతి ఆయనే చెప్పారు. తాను బాప్తిస్మం తీసుకున్న తర్వాత తల్లి చనిపోయింది. దినం రోజున తల్లి పేరు మీద పిండం పెట్టి వండిన భోజనం తినలేనని లేచారు. "అమ్మ కూడు వద్దన్నోడివి నా గడప తొక్కకు" అన్నాడు తమ్ముడు. "తొక్కితే నాను అమ్మకి పుట్టలేదనుకో" అన్నారు ఈయన. తినకపోవడం వాక్యం ప్రకారం సరే. ఒట్టు పెట్టుకోవడం వాక్యానికి విరుద్ధం. ఈ మాట ఆయన మొహం మీదే అన్నాను. "తెలుసు. అయినా అమ్మ మీద ఒట్టయ్యా" అన్నారు.

చివరి ప్రయాణానికి ముందు డాక్టరు గుండె చూసి, ఇంక దూరాలు వద్దన్నాడు. ఇదొక్కసారికే అని బయల్దేరారు. ఆ మధ్యాహ్నం ఆయన నిద్రపోతుంటే నేను ఆ నాలుగు బల్లల హోటల్‌కి వెళ్లి, ఎవరి తరఫు వాణ్ణో చెప్పి కూర్చున్నాను.

తమ్ముడు గరిటె కింద పెట్టాడు. "ఏటా చూస్తన్నాను బావూ. రోడ్డు అవతల్నుంచి ఎల్తాడు. ఆ నాలుగు రోజులూ మాయావిడ అన్నం ఎక్కువేస్తాది. ఎందుకేస్తన్నావే అనడగను."

"ఈ ఏడు నడక తగ్గింది. మల్లొచ్చే ఏడు ఉండకపోవచ్చు" అన్నాను.

తమ్ముడు పొయ్యి మంట తగ్గించాడు. "గడప తొక్కొద్దన్నది నానే. ఒట్టు ఆయనది. రెండూ తీసీడానికి నీ కాడ వాక్యం ఉందేటి?"

ఉంది. తిరిగి లేచిన ప్రభువు ఒడ్డున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, తనను ఎరగనని బొంకిన శిష్యుణ్ణి కూడా అన్నానికి పిలిచిన కథ చెప్పాను. "ఆడ ఇల్లు లేదు, గడప లేదు. ఇసుకే" అన్నాను.

మరునాడు మేము ఒడ్డున కూర్చుని ఉండగా తమ్ముడూ, అతని భార్యా గిన్నెలు మోసుకుంటూ వచ్చారు. ఆకులు పరిచి, గాలికి లేవకుండా అంచుల మీద ఇసుక పోశారు. గార్డుగారు ముందు నన్ను చూశారు. తర్వాత తమ్ముణ్ణి చూశారు.

"సన్నబడ్డావేట్రా?"

"నువ్వు లావెక్కావా? కూకో."

ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. ఈలోగా తమ్ముడు మొదటి ముద్ద తీసి, అలవాటుగా, తల్లి పేరు చెప్పి కాకుల కోసం పక్కన పెట్టాడు. నా నోట్లో ఒక వాక్యం సిద్ధంగా ఉంది. గార్డుగారు కళ్లు తెరిచారు, ఆ ముద్దను చూశారు, నన్ను చూశారు. నేను తల వంచి అన్నం కలుపుకున్నాను. ముద్ద మీద కాకి వాలేదాకా ఆయన చెయ్యి ఆకు మీదే ఆగింది. ఆ తర్వాతే తిన్నారు.

పోటు మొదలై నీళ్లు పైపైకి వస్తున్నాయి. ఆకు తడుస్తుందని నా భార్య అంది. అన్నదమ్ములు లేవలేదు. అల వచ్చినప్పుడల్లా ఎడమ చేత్తో ఆకును ఒక జానెడు వెనక్కి లాక్కుని, వాళ్లూ అంతే జరిగి, మళ్లీ తింటున్నారు.