ఫ్లాపీ డ్రైవ్ మింగిన బంగారం

ముందుగాల్నే చెప్తున్న, నోట్లె చాయ్ పెట్టుకొని ఇనకుండ్రి. నిన్న మా ఫ్యాక్టరీల నేను పట్టుకున్న దొంగ ఎవరో తెలిస్తే ఆ చాయంత నా అంగీ మీదనే పడ్తది.

మీకు ఎర్కనే గదా, నాచారంల మా బేరింగుల ఫ్యాక్టరీ. అండ్ల బీరువంత పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజి ఒకటున్నది. ఏ రూముకు ఏ నంబరో అంత ఒక ఫ్లాపీల రాసి ఉంటది. కరెంటు ఉన్నన్ని రోజులు ఆ పెట్టె ఏదీ మర్వదు. కరెంటు పూరాగ పోయిందా, అన్నీ మర్శిపోతది! మళ్ల ఆ ఫ్లాపీ చదువుకుంటెనే లేస్తది. ఇరవై ఏండ్ల సంది దాని బాగోగులు సూసేది నేనొక్కన్నే.

నిన్న తెల్లారంగ గాలిదుమారం వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. జరసేపటికి యూపీఎస్ బ్యాటరీలు గూడ చేతులెత్తేసినయ్. నేను పోయేసరికి జనరేటర్ నడుస్తున్నది గనీ ఒక్క ఫోను మోగుతలేదు. ఓనర్ సారు గేటు కాడనే నిలవడ్డడు.

"శంకర్, పన్నెండింటికల్ల ఫోన్లు మోగాలె. లేకపోతే కొత్త సిస్టమ్ పెట్టిస్త. ఇది పాత ఇనుము కింద కబాడీకే."

అబద్ధమెందుకు, మస్తు భయమైంది. నాకు తెలిసి ఇంక నడుస్తున్న ఫ్లాపీ ఎక్స్ఛేంజి అదొక్కటే. అది కబాడీకి పోతే నన్ను ఉస్తాద్ అని పిలిచేదెవరు?

"పదకొండింటికే మోగిస్త సార్!" అన్న. నా నోరు ఊకుంటదా!

ఫ్లాపీ పెట్టిన. గర్ర్... గర్ర్... టక్! ఎర్ర లైటు. తీసి, ఊది, మళ్ల పెట్టిన. గర్ర్, టక్! సరే, ఫ్లాపీ ముసల్దైందనుకున్న. దాన్ని చదివే డ్రైవ్ మీద అనుమానమే రాలే. ఎందుకొస్తది? దాన్ని తుడిచేది నేను, దానికి మొక్కేది నేను!

బండి తీసి ఉప్పల్‌ల మా ఇంటికి ఉరికిన. స్పేర్ ఫ్లాపీలకు చెమ్మ తగలొద్దని బీరువాల మా ఆమె పట్టుచీరల నడుమ దాచిపెట్టిన. "గా నల్ల బిళ్లలకు నా చీరలు కాపలానా?" అని ఆమె ఒకదిక్కు, చౌరస్తాల ట్రాఫిక్ ఒకదిక్కు. చెమటలు కార్చుకుంట తిరిగొచ్చేసరికి పదకొండు దాటింది. ఐదు ఫ్లాపీలు ఒకదానెనుక ఒకటి పెట్టిన. రూమంత నాఫ్తలీన్ వాసన. ఐదింటికీ అదే గర్ర్, అదే టక్!

ఇగ లాభం లేదని స్క్రూలిప్పి డ్రైవ్ బయటికి గుంజిన. మూత తీసి టార్చి కొడ్తె... ఏందది? ఎండిపోయిన జమ్మి ఆకులు! సరిగ్గ ఫ్లాపీని చదివే హెడ్డు కిందనే ఇరికి, పొడిపొడైనయ్.

నాకు తిక్క లేసింది. "ఎవర్ది ఈ పని?" అని అర్సిన. రిసెప్షన్ సుజాత ఉరికొచ్చింది. క్యాంటీన్ యాదగిరి చేతిల గరిటెతోనే వచ్చిండు. ఎనుకనే సారు.

"దసరకు ఆయుధపూజ చేసుకున్నం, మంచిదే. ఫ్లాపీ డ్రైవ్‌ల జమ్మి కుక్కుతరా? చదువుకున్నోళ్లేనా మీరు? యాదగిరీ, ఆ రోజు జమ్మి కొమ్మ పట్టుకొని తిరిగింది నువ్వే గదా!"

"నాకేం ఎర్క అన్నా! నేను నా గ్యాస్ పొయ్యికి పెట్టుకున్న," అన్నడు యాదగిరి.

"దొంగెవరో తేలాలె సార్. ఇసొంటోళ్లను పనిల నుంచి తీసేయాలె!" అన్న. జర జోష్ ఎక్కువైంది.

సుజాత కంపెనీ వాట్సాప్ గ్రూపు తెరిచి, దసర రోజు దాక జరుపుకుంట పోయి, ఒక ఫోటో సారుకు సూపెట్టింది. సారు అద్దాలు తుడుచుకొని మళ్లొకసారి సూసిండు. ఫోను తెచ్చి నా చేతుల పెట్టిండు.

కొత్త అంగీ, నొసటికి ఇంత బొట్టు, పండ్లన్నీ ఇకిలించుకుంట, ఫ్లాపీ పెట్టే సందుల జమ్మి రెమ్మ దోపుతున్నది... నేనే! కింద నేనే రాసుకున్న: "మా ముసలమ్మకు బంగారం పెట్టి మొక్కిన." దానికి మొట్టమొదట దండం బొమ్మ పెట్టింది సారే!

అప్పుడు యాదికొచ్చింది. దసరకు పెద్దోళ్ల చేతుల జమ్మి పెట్టి, బంగారమని కాళ్లు మొక్కుతం గదా. ఆ పెట్టెకు చేతులు లేవాయె, ఉన్నది నోరొక్కటే. అండ్లనే కనవడకుంట పెట్టిన! దసర తర్వాత దానికి ఫ్లాపీతోని పనే పడలే. నిన్న నేనే ఫ్లాపీతోని ఆ రెమ్మను లోపటికి నూకిన.

నోరు మూసుకొని ఆకులు దులిపిన, హెడ్డు తుడిచిన, మొదటి ఫ్లాపీనే పెట్టిన. కుయ్‌మన్నది... పచ్చ లైటు! గడియారం సూస్తే పన్నెండుకు ఇంక ఐదు నిమిషాలున్నది.

సారు నవ్వాపుకోలేక, "మిషన్ ఉంచుత గనీ శంకర్, వచ్చే దసరకు దూరం నుంచే మొక్కు," అన్నడు.

అంతల్నే నా పక్కనున్న ఫోను మోగింది. మొదటి కాల్! నిజంగ కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. గొంతు సవరించుకొని, "హలో, ఎక్స్ఛేంజ్," అన్న.

అవుతల, ఎప్పుడు పోయిండో ఏమో, క్యాంటీన్ నుంచి యాదగిరి. "అన్నా, దొంగ దొరికిండంట గదా! పనిల నుంచి తీసేసిన్రా, చాయ్ పంపాల్నా?"

"రెండు పంపు," అన్న. "ఒకటి దొంగకు, ఒకటి దొంగను పట్టుకున్నోనికి."