అమ్మ పెట్టిన కేక

పలాసలో రైలు ఆగగానే జీడిపిక్కలు కాల్చే పొగ వాసన పెట్టెలోకి వస్తుంది. విశాఖలో పిల్లలకు భాషాశాస్త్రం పాఠాలు చెప్పే నాకు, ఆ వాసన తగిలితే ఇప్పటికీ అమ్మ కేక వినిపిస్తుంది.

మా ఇల్లు పలాసలోనే. నాకప్పుడు ఆరేళ్లు. పెరట్లో అమ్మ రేకు మీద పిక్కలు కాలుస్తోంది. ఒకటి టప్పున పేలి, కాగిన జీడినూనె ఆమె మణికట్టు మీద చిమ్మింది.

"బోఉలో! మరిగలి లో!" అని కేక పెట్టింది.

ఆ మాటలు మా ఇంటివి కావు, మా వీధివీ కావు. గొంతు మాత్రం అమ్మదే. నాన్నమ్మ దగ్గరికి పరిగెత్తాను.

"నాన్నమ్మా, అమ్మకేదో పట్టింది! అమ్మలో ఎవులో మాటాడతన్నారు!"

నాన్నమ్మ కొబ్బరినూనె గిన్నె పట్టుకుని లేచింది. "ఎవులూ కాదే. మీ అమ్మ ఒడియా పిల్ల కాదేటి? చెయ్యి కాలితే, అమ్మా సచ్చిపోనానే అని ఆళ్లమ్మని పిలుత్తంది."

నేను ఇంకా బిత్తరపోయాను. అన్నేళ్లూ అమ్మ నోట ఒక్క ఒడియా ముక్క వినలేదు. నూనె రాయించుకుంటూ అమ్మ, "ఏటీ అవనేదమ్మా, బయపడకు" అంది, మళ్లీ మా తెలుగులో.

మాతృభాష అంటే ఏమిటో ఏటా క్లాసులో చెబుతాను. నా మాతృభాష తెలుగు. మా అమ్మ మాతృభాషలో నేను విన్నది ఆ ఒక్క కేకే.