ప్రెగో అన్న మనిషి కోసం కాచిగూడ దాకా

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా కోడలు సుజాత రాస్తోంది. నా మాటను పుస్తకాల భాషలోకి మార్చుకో, నా కోపాన్ని మాత్రం మార్చకు అని ముందే చెప్పాను. ఇటలీ అమ్మాయిని నేను ఇంట్లోంచి వెళ్లగొట్టానని గౌలిపురలో మా గల్లీ అంతా చెప్పుకుంటోంది. వెళ్లగొట్టలేదు. అంతకంటే పెద్ద తప్పే చేశాను. ఆమె ఊరు దాటేలోగా ఆ తప్పు ఒప్పుకోవాలనే మొన్న గురువారం కాచిగూడ స్టేషన్‌కు బయలుదేరాను.

ఆ అమ్మాయి పేరు పావొలా. జరీ పని నేర్చుకోవడానికి వచ్చి, మా మేడ మీది గదిలో మూడు నెలలు ఉంది. ఆమె నోట ఎప్పుడూ ఒకటే మాట, ప్రెగో. తలుపు కొడితే ప్రెగో, లోపలికి రమ్మని. కుర్చీ చూపించి ప్రెగో, కూర్చోమని. పళ్లెం ముందుకు జరిపి ప్రెగో, తినమని. నా మాట వినపడకపోతే "ప్రెగో?" అని సాగదీసేది. సుజాత థాంక్స్ అంటే దానికీ అదే జవాబు. ఒకసారి ఇరుకు గల్లీలో మా గేదె ఎదురైతే, గోడకు అతుక్కుని, చెయ్యి చాపి, "ప్రెగో" అని దానికి దారి ఇచ్చింది. మేం జర ఆగు, జర జరుగు, జర చూడు అని ప్రతిదానికీ 'జర' తగిలిస్తాం కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాను.

అంతలో గేదె ఈనింది. తొలి పాలు మా ఇంట్లో అమ్మరు, పంచుతారు. తీసుకున్నవాళ్లు ఆ గిన్నెను కడగకుండా, అడుగున చిటికెడు పసుపు, నాలుగు బియ్యపు గింజలు వేసి తిరిగి ఇస్తారు. కడిగితే పొదుగు ఎండిపోతుందని మా అత్త నాకు చెప్పింది. పావొలాకూ ఒక గిన్నె ఇచ్చాను, ఈ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ పిల్ల గిన్నెను సబ్బుతో తోమి, అద్దంలా మెరిపించి, "ప్రెగో" అని నా చేతిలో పెట్టింది. మర్నాడు గేదె పాలు చేపలేదు. కోపంతో నాకు కళ్లు కనపడలేదు.

"ఏంది నువ్వు జేసింది? నా నోట్ల మన్ను గొట్టినవ్ గదా!" అని గల్లీ అంతా వినేలా అరిచాను. ఆమె చేతులు జోడించి "ప్రెగో, ప్రెగో" అంది. "ఇంకా ప్రెగో అంటవా?" అని గిన్నెను వాకిట్లోకి విసిరేశాను. సాయంత్రానికి సుజాత చేతికి తాళం ఇచ్చి, పావొలా అఫ్జల్‌గంజ్‌లో ఒక లాడ్జికి వెళ్లిపోయింది. తర్వాత పశువుల డాక్టరు వచ్చి, పొదుగువాపని సూదులు వేశాడు. నాలుగో రోజుకు పాలు దిగాయి. నా నోరు మాత్రం మూతపడింది.

వారం తిరిగేసరికి రెండో గేదె ఈనింది. ఆ రోజు మధ్యాహ్నం బెంగళూరు బండికి పావొలా వెళ్లిపోతోందని సుజాత చెప్పింది. బెల్లం, మిరియాలు వేసి జున్ను వండి, అదే గిన్నెలో పెట్టుకుని పదిన్నరకు ఆటో ఎక్కాం. యాకుత్‌పురా స్టేషన్‌కు అరవై రూపాయలు.

"ఏంది దాదీ, ఆ గిన్నెల? వాసనకు నా ఆటో ముందుకు పోతలేదు," అన్నాడు డ్రైవరు.

"నీకు గాదు. జర జల్దీ పోనీ."

"మెహమాన్ కోసమా, చుట్టాల కోసమా?"

"నేను తిట్టిన మనిషి కోసం."

"అయితే జల్దీనే పోవాలె," అని హారన్ మీద చెయ్యి వేశాడు.

మేం మెట్లు ఎక్కేసరికి లోకల్ రైలు కదిలిపోయింది. ఇంకోటి గంటన్నరకు గానీ లేదు. టికెట్టు ఐదు రూపాయలే, కానీ ఆ గంటన్నర నాకు చాలా ఖరీదైంది. బెంచీ మీద కూర్చుని సుజాత ఫోన్‌లో ఏదో వెతికింది.

"అత్తమ్మా, ప్రెగో అంటే అసలు అర్థం 'వేడుకుంటున్న' అట. మిగతావన్నీ దాన్నుంచే వచ్చినయట."

అంటే ఆ రోజు వాకిట్లో ఆమె నన్ను వేడుకుంది. నేను గిన్నె విసిరాను.

రైలొచ్చాక దబీర్‌పురా, మలక్‌పేట, కాచిగూడ. పావుగంట పట్టింది. ప్లాట్‌ఫారం టికెట్టు కొని వెళ్లేసరికి బెంగళూరు బండి నిలబడి ఉంది. నన్ను చూడగానే పావొలా ఒక అడుగు వెనక్కి వేసింది. ఈ డెబ్బై ఏళ్లలో నన్ను చూసి పిల్లలు పరుగెత్తారు, మగవాళ్లు తప్పుకున్నారు. ఎప్పుడూ బాధ కలగలేదు. ఆ ఒక్క అడుగుకు కలిగింది.

"గిన్నె కడగొద్దు, పసుపు, బియ్యం ఏసి ఇయ్యాలని నీకు ఎవ్వరు జెప్పలే," అన్నాను. "నేను జెప్పాలె. జెప్పకుంటనే తిట్టిన. తప్పు నాది." సుజాత ఇంగ్లీషులో చెప్పింది.

పావొలా తనకు వచ్చిన నాలుగు తెలుగు ముక్కలతో, "అమ్మా, బర్రె మంచిగుందా?" అని అడిగింది. తిట్లు తిన్న మనిషి మొదట అడిగింది అదే.

నిలబడే జున్నంతా తినేసింది. ఖాళీ గిన్నెను రెండు చేతులా పట్టుకుని సంచీలో వెతికింది. పసుపు లేదు, బియ్యం లేదు. కుట్టు డబ్బా తీసి, కత్తిరించిన జరీ దారం ముక్కలు నాలుగు గిన్నె అడుగున వేసింది. "ప్రెగో?" అని నా ముఖంలోకి చూసింది.

"చెల్తది," అన్నాను. బండి కదిలింది.

డాక్టరు మాట నిజమే కావచ్చు. అయినా మా ఇంటి పద్ధతి నేను వదలను. కానీ చెప్పని పద్ధతికి మనిషిని శిక్షించే హక్కు నాకు లేదు. అంతకంటే నేను చెప్పుకునేదేమీ లేదు, గల్లీ వాళ్లు ఇది విని ఊరుకుంటే చాలు. కడగని గిన్నె ఇంకా మా గూట్లోనే ఉంది. ఉదయం వెలుగు పడితే దాని అడుగున జరీ మెరుస్తుంది. ఇటు వచ్చేవాళ్లకు ఒక మాట: యాకుత్‌పురాలో లోకల్ రైళ్లు తక్కువ, ముందు రోజే వేళలు కనుక్కోండి. ఇంకొకటి, మా గల్లీల్లో ఎవరైనా మీ చేతిలో గిన్నె పెడితే, ఎలా తిరిగివ్వాలో అప్పుడే అడగండి. చెప్పడం మేం మరిచిపోతాం.