మూడు కుండల మిషన్

నిజామాబాదులో మొట్టమొదటి నీళ్ళ మిషన్ పెట్టింది నేనే. దాన్ని చూడటానికి సుబేదారు సాబ్ గుర్రబ్బండి దిగి కంఠేశ్వర్‌లోని మా వాకిట్లోకి వచ్చాడని మనవలకు ఎన్నోసార్లు చెప్పాను. నిజానికి వచ్చింది పక్కింటి అక్క, పిడకలు అడగడానికి. మిషన్ అంటే ఒకదాని మీద ఒకటి మూడు కుండలు.

ముప్ఫైల నాటి మాట. మా గోడ అవతల ఇత్తడి బిందెలు పోతపోసే కార్ఖానా ఉండేది. వాళ్ళు కడిగి పారబోసిన నీళ్ళు ఇంకి మా బావిలోకి దిగేవి. ఆ ఎండాకాలం చుట్టుపక్కల బావులన్నీ అడుగంటి, మాదొక్కటే మిగిలింది. బాపు, అంటే మా నాన్న, బోధన్ వైపు ఊళ్ళలో చెరుకు గానుగల దగ్గర బెల్లం వండేవాడు. పొయ్యి వేడికి అలవాటైన మనిషి, ఇంట్లో ఉన్నా అందరికంటే ఎక్కువ నీళ్ళు తాగేవాడు. మొదట కడుపునొప్పి వచ్చింది. తర్వాత కుడి మణికట్టు వాలిపోయింది. చలికాలానికి బెల్లం పెనంలో గరిటె తిప్పాల్సిన చెయ్యి అది.

దవాఖానాలో డాక్టర్ సాబ్ బాపు పెదవి ఎత్తి, చిగుళ్ళ మీది నీలి గీత చూశాడు.

“సీసం. ఇత్తడిల కలుపుతరు. మీ బాయి నీళ్లల్లనే ఉంటది. కాగవెట్టినా పోదు.”

“మరేం జెయ్యాలె సాబ్?” అన్నాను.

నీళ్ళను బొగ్గులోంచి దించితే సీసం దానికి అంటుకుంటుందట. అంతా కాదు, కొంత. ఎముకల బొగ్గైతే మేలట. ఆ మాట ఇంట్లో చెప్పగానే మా అమ్మ, మేం అవ్వ అనేవాళ్ళం, చేట కింద పడేసింది.

“బొక్కల నీళ్లా? గా డాక్టరునే తాగుమను!”

అందుకని తుమ్మబొగ్గు వేశాం. పై కుండలో బావినీళ్ళు, నడిమి కుండలో ఇసుక, బొగ్గు, కింది కుండలోకి బొట్టు బొట్టు. వారం వారం బొగ్గు మార్చి, పాతది పూడ్చిపెట్టమన్నాడు డాక్టర్. ఆ పని అవ్వ తీసుకుంది.

ఎండలు ముదిరినా నొప్పి తగ్గలేదు. ఈసారి అవ్వ కూడా దవాఖానాకు వచ్చింది. డాక్టర్ మళ్ళీ బాపు పెదవి ఎత్తాడు. చిగుళ్ళన్నీ నల్లగా ఉన్నాయి.

“గిదేంది?”

“పండ్లు తోముకున్న సాబ్. బొగ్గుతోని.”

“ఏ బొగ్గు?”

బాపు అవ్వ వైపు చూశాడు.

“కుండలదే,” అంది అవ్వ. “ఎండవెట్టి దంచిన. గంత మంచి బొగ్గు మట్టిల వోస్తరా ఎవలన్న?”

డాక్టర్ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. నీళ్ళలోంచి మేం తీసిన విషాన్నే బాపు రోజూ పొద్దున చిగుళ్ళకు రుద్దుకున్నాడు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమెను ఏమనగలం? మా ఇళ్ళలో అందరం బొగ్గుతోనే తోముకునేవాళ్ళం.

వానలు పడి వేరే బావులు నిండాయి. నొప్పి పోయింది. చలికాలంలో రుద్రూర్ గానుగ నుంచి బండి వచ్చిందని, బాపు గరిటె అందుకుని ఆ ఏడు అందరికంటే మంచి బెల్లం వండాడని మనవలకు చెబుతుంటాను.

బండి వచ్చిన మాట నిజమే. బాపు తలపాగా చుట్టుకోబోతే గుడ్డ చేతిలో నిలవలేదు. నేను చుట్టాను. బండి ఎక్కడానికి నొగ పట్టుకోబోయాడు. చెయ్యి పట్టలేదు. బండాయన తల దించుకుని ఎడ్ల మెడలు నిమురుతూ కూర్చున్నాడు.

“నువ్వు పో తమ్మీ,” అన్నాడు బాపు అతనితో. “పొద్దువోతది.”