సగం మిగిలిన క్యారేజీ

మా బుజ్జులు వెళ్ళిపోయి నెల దాటింది. ఊపిరి ఆడటం లేదని గుంటూరు ఆసుపత్రిలో చేర్చిన నాలుగో రోజు పొద్దున్నే నా కూతురు పోయింది.

పలకరించడానికి వచ్చినవాళ్ళలో కొందరు, "పోనీలే వదినా, దాని కష్టం తీరింది, నీ కష్టమూ తీరింది" అన్నారు. నేను ఊఁ కొట్టలేదు. వంగిపోయిన వెన్నెముకతో ముప్పై ఒక్క ఏళ్ళు బతికింది నా బిడ్డ. కష్టం తీర్చమని ఎవరినీ అడగలేదు. పని ఇమ్మని అడిగింది. తనకొక్కదానికే కాదు, తనలాంటి వాళ్ళందరికీ.

నేను చదివింది అయిదో తరగతి. అయినా నా తప్పు నేనే రాస్తాను. చిన్నప్పుడు చుట్టాలొస్తే దాన్ని ఎత్తుకెళ్ళి లోపలి గదిలో కూర్చోబెట్టేదాన్ని. పదేళ్ళప్పుడు ఒకరోజు, "వాళ్ళు చూస్తే నేనేమన్నా అరిగిపోతానా అమ్మా?" అంది. మళ్ళీ దాచలేదు.

పెద్దయ్యాక వికలాంగులకు పని చూపించే సంస్థలో చేరింది. పక్క చక్రాల స్కూటీ మీద మిర్చి షెడ్లకీ పత్తి మిల్లులకీ తిరిగేది. ఎవరు ఏ పని చేయగలరో ఓనర్లకు చూపించి, వాళ్ళతో ఎలా మెలగాలో మేస్త్రీలకు చెప్పి వచ్చేది. పదిహేను రోజులకు మళ్ళీ వెళ్ళేది. "పనిలో పెట్టడం ఒక పూట పనమ్మా. నిలబెట్టడానికే నెలలు పడతాయి" అనేది.

మా వీధిలో ఒకావిడకు పెట్టుడు కాలు. ఆవిడకు మిర్చికాయల తొడిమలు తీసే షెడ్డులో పని ఇప్పించింది. నేలమీద కూర్చోలేదని చిన్న బల్ల కూడా వేయించింది. వారం తిరక్కుండానే ఓనరు ఫోన్ చేసి, బాగా చేస్తోందని మెచ్చుకున్నాడు. నా కూతురు అంతటితో ఊరుకోలేదు. సాయంత్రం ఆవిడ ఇంటికెళ్ళి, మాటల మధ్యలో క్యారేజీ మూత తీసింది. సగం అన్నం అలాగే ఉంది.

"ఆకలి లేదా అక్కా?"

"ఉందమ్మా."

"మరి?"

అప్పుడు చెప్పింది ఆవిడ. షెడ్డులో మరుగుదొడ్డికి మూడు మెట్లు. లోపల గొంతుక్కూర్చోవాలి. అటు వెళ్ళే అవసరం రాకూడదని తిండి తగ్గించింది, నీళ్ళు మానేసింది. ఆ మిర్చి ఘాటులో, రోజంతా.

మర్నాడు నేనూ వెంట వెళ్ళాను. ఓనరు తల గోక్కున్నాడు. "ఒక్క మనిషి కోసం మెట్లు పగలగొట్టమంటావా తల్లీ?"

నా కూతురు పనిచేస్తున్న ఆడవాళ్ళవైపు తిరిగింది. "మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు చేతులెత్తండి."

తొమ్మిది చేతులు లేచాయి, కారం అంటి ఎర్రగా.

"మీకు లేవా బాబాయ్ గారూ?" అంది. షెడ్డంతా నవ్వు. ఓనరూ నవ్వేశాడు. మెట్లు పోయి వాలుదారి వచ్చింది, లోపల కమోడు వచ్చింది.

నా కూతురు పోయిన మూడో వారం, పని నుంచి నేరుగా ఆవిడ మా ఇంటికొచ్చింది. మాట్లాడుతుంటే నా చెయ్యి దానంతటదే క్యారేజీ మూతమీదికి వెళ్ళింది. సగం అన్నం.

"వాలుదారి మీద బస్తాలు పేర్చారు పిన్నీ. చెప్పడానికి అమ్మాయి లేదు కదా. నేనడిగితే పనికి రావద్దంటారేమో."

మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఆ బస్తాల మీద కూర్చున్నాను.

"సీజను కదమ్మా, చోటు లేదు. రెండు వారాలు ఓపిక పట్టమనండి" అన్నాడు ఓనరు.

"రెండు వారాలు మీరు తిండి మానేస్తారా బాబూ?"

"అమ్మాయి ఉంటే అర్థం చేసుకునేదమ్మా."

"అమ్మాయి ఉంటే నవ్వించి తీయించేది. నాకు నవ్వించడం రాదు. తీసేదాకా లేవను."

క్యారేజీలు విప్పే వేళకి పక్క బస్తాలన్నీ తీశారు. నేను కూర్చున్నది ఆఖరున తీశారు.

ఇప్పుడు వారానికోసారి ఆ షెడ్డుకు వెళ్తున్నాను. నా కూతురు తిరిగిన మిగతా షెడ్లు కూడా ఒక్కొక్కటే చూస్తున్నాను. స్కూటీ నడపడం రాదు, ఆటోలో పోతాను. కష్టం తీరిందన్నవాళ్ళు ఎవరైనా ఉంటే నాతో రండి, చూపిస్తాను.

సాయంత్రం ఆవిడ మా గుమ్మం ముందు ఆగుతుంది. క్యారేజీ మూత తీసి వంచి చూపిస్తుంది. ఖాళీ గిన్నె, అంచున ఎర్రటి వేలిముద్ర.

ఇది చదివిన మీరూ కడుపునిండా తినండి.